పుస్తకములకు అట్టలు కట్టిన బాలుడు: మైకేల్ ఫారడే జీవితము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్రను వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు కోరిరి. కృష్ణాతీరమున గ్రంథాలయముల ముచ్చట వచ్చినప్పుడు అయ్యంకి వెంకటరమణయ్యగారిని, పాతూరి నాగభూషణముగారిని తలచుకొనకుండ నుండజాలము. 1914లో విజయవాడయందు జరిగిన ఆంధ్రదేశ ప్రథమ గ్రంథాలయ మహాసభయు, 1935లో పెదపాలెము, కొల్లూరుల నడుమ కాలువలో తిరిగిన పడవ గ్రంథాలయమును మన పెద్దలకు తెలిసిన సంగతులే. ఆ మహనీయులను గూర్చి ఇట్టి సంచికలలో పెక్కుమారులు చదివియున్నాము. కావున నేనొక పరదేశీయుని ఎన్నుకొంటిని. అతడు బడిలో నేర్చినది చదువుట, వ్రాయుట, కొలదిపాటి లెక్కలు మాత్రమే. తక్కిన విద్యయంతయు అట్ట కట్టించుటకై పరులు తెచ్చి యిచ్చిన పుస్తకములలో నేర్చెను.

ఇతనినే ఎన్నుకొనుటకు మరియొక కారణము కూడ కలదు. 2022 ఏప్రిలు నెలలో విజయవాడ నగరమున ఒక ఇంటిలో, రాత్రివేళ ఛార్జింగునకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి, ఆ ఇంటి యజమాని ప్రాణములు కోల్పోయెను. ఆ వార్త చదివిన దినమున మన ఊరిలో స్కూటరు గలవారందరును బ్యాటరీని పడకగదిలోనుండి వసారాలోనికి మార్చిరి. ఇట్టి బ్యాటరీ లోపల సులభముగా నిప్పంటుకొను ద్రవమొకటి యుండును. దానిని ఎలక్ట్రొలైటు అందురు, తెలుగున విద్యుద్విశ్లేష్యము. ఆ ద్రవమును తీసివేసి దానికి మారుగా గట్టి పదార్థమును పెట్టవలెనని నేడు ప్రపంచమంతటను శాస్త్రజ్ఞులు పాటుపడుచున్నారు. ఎలక్ట్రొలైటు అను పేరు మొదట వాడినవాడు మన కథానాయకుడే. గట్టి పదార్థము కూడ ఆ పని చేయగలదని మొదట కనిపెట్టినవాడును అతడే.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను నగరపు శివారున న్యూయింగ్టను బట్సు అనుచోట జన్మించెను. తండ్రి జేమ్సు కమ్మరి. ఉత్తరదేశమునుండి బ్రతుకుతెరువునకై నగరము చేరినవాడు. తరచు జబ్బుపడుచుండుటచే కొలిమి వెలుగు దినములకంటె వెలుగని దినములే హెచ్చుగా నుండెడివి. 1801లో ధాన్యపు ధరలు మండిపోయినప్పుడు మైకేలునకు వారమునకు ఒక్క రొట్టె మాత్రము లభించెడిది. పదేండ్ల పిల్లవాడు దానిని ఏడుదినములకు సరిపెట్టుకొనవలసి యుండెను.

పదుమూడవ యేట అతడు జార్జి రీబో అను పుస్తకముల వర్తకుని దుకాణమున చేరెను. మొదట వార్తాపత్రికలను ఇంటింటికి చేర్చుట, చదివిన పిమ్మట వాటిని తిరిగి తెచ్చి మరియొక ఇంటికిచ్చుట అతని పని. ఆ కాలమున పత్రిక ఖరీదైన వస్తువు; ఒక్క ప్రతినే నలుగురు అద్దెకు తీసికొని చదివెడివారు. మరుసటి యేడు, అనగా 1805లో, రీబో అతనిని ఏడేండ్ల ఒడంబడికపై అట్టలు కట్టు పనిలో చేర్చుకొనెను. అట్టి ఒడంబడికకు సామాన్యముగా చెల్లించవలసిన రుసుమును ఈ బీద బాలునివద్ద తీసికొనలేదు. రీబోను గూర్చి చరిత్రకారులు రెండు మూడు వాక్యములతో సరిపెట్టుదురు. నా దృష్టిలో అది అన్యాయము. పనివాడు పుస్తకము కుట్టుచు కుట్టుచు చదువుట మొదలుపెట్టినచో పని సాగదు. ఏ యజమానియైనను కసురుకొనును. రీబో కసురుకొనలేదు. చదువనిచ్చెను, పిల్లవాడు వ్రాసికొనిన నోటుపుస్తకములను దుకాణమునకు వచ్చు పెద్దమనుష్యులకు చూపి మురిసిపోయెను.

ఆ దుకాణమున ఫారడే చేతికి వచ్చినవానిలో రెండు పుస్తకములు అతని బ్రతుకును మార్చినవి. ఒకటి బ్రిటానికా విజ్ఞానసర్వస్వములోని విద్యుత్తును గూర్చిన వ్యాసము. రెండవది జేన్ మార్సెట్ అను విదుషీమణి సంభాషణల రూపమున వ్రాసిన రసాయనశాస్త్ర గ్రంథము. చదివినది నిజమో కాదో తన చేతులతో చేసి చూచిననే గాని నమ్మకపోవుట అతనికి ఆనాడే అలవాటయ్యెను. జీతమునుండి మిగిలిన కాసులతో సీసాలు కొని, దుకాణపు వెనుకవైపున ప్రయోగములు చేయుచుండెను. సాయంకాలములందు టేటమ్ అను ఉపాధ్యాయుడు చెప్పు శాస్త్రోపన్యాసములకు పోవుటకు షిల్లింగు రుసుము కావలసి వచ్చెడిది. దానిని కమ్మరి పనిచేయు అన్న రాబర్టు ఇచ్చెడివాడు.

1812 జూలైలో, ఇరువదియొక్క సంవత్సరములు నిండకముందే, ఫారడే తన మొదటి బ్యాటరీని చేసెను. ఏడు అర్ధపెన్నీ రాగి నాణెములు, అదే పరిమాణమున కత్తిరించిన ఏడు తుత్తునాగపు బిళ్ళలు, వాటి నడుమ ఉప్పునీట తడిపిన కాగితపు ముక్కలు. అంతే. ఇటలీ దేశస్థుడైన వోల్టా 1800లో లోకమునకు తెలిపిన పద్ధతియే యిది. ఆ దొంతినుండి తీసిన తీగలను లవణద్రావణములో ముంచి, లవణము విడిపోవుటను అతడు తన కన్నులతో చూచెను. ఆ దొంతిలోని తడికాగితమే ఎలక్ట్రొలైటు. అప్పటికి దానికి పేరు లేదు. పేరు పెట్టువాడు అర్ధపెన్నీలు లెక్కపెట్టుకొనుచు కూర్చున్నాడు.

ఆ యేడే ఒక ఖాతాదారుడు అతనికి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో హంఫ్రీ డేవీ ఇచ్చు నాలుగు ఉపన్యాసములకు టిక్కెట్లు ఇచ్చెను. డేవీ ఆనాటి యూరపు ఖండమున పేరుపొందిన రసాయన శాస్త్రజ్ఞుడు. ఫారడే మేడపై కూర్చుండి ప్రతి మాటను వ్రాసికొని, ఇంటికి పోయి బొమ్మలతో సహా తిరుగవ్రాసి, తానే అందముగా అట్ట కట్టి, డేవీకి పంపెను. శాస్త్రసేవలో ఏదైన చిన్న పని ఇప్పింపుమని వేడుకొనెను. అంతకుముందు రాయల్ సొసైటీ అధ్యక్షునికి వ్రాసిన జాబునకు ప్రత్యుత్తరమే రాలేదు. డేవీ మాత్రము పిలిపించెను. 1813 మార్చి 1వ తేదీన వారమునకు 25 షిల్లింగుల జీతము, మేడమీద రెండు గదులు వసతితో ఫారడే ప్రయోగశాల సహాయకుడయ్యెను.

ఆ శరత్కాలముననే డేవీ భార్యాసమేతుడై యూరపు యాత్రకు బయలుదేరి ఫారడేను వెంటబెట్టుకొని పోయెను. డేవీ సేవకుడు ప్రయాణమునకు రానన్నందున ఆ పనియు ఇతనిపైననే పడెను. డేవీ భార్య ఇతనిని పనివారి సరసననే కూర్చుండబెట్టెడిది. ఒకదశలో అంతయు మాని లండను పోయి మరల అట్టలు కట్టుకొందునా యని కూడ అతడు తలపోసెను. పోకుండుట లోకమునకు మేలయినది. పారిసులో ఆంపియరును, మిలానులో వృద్ధుడైన వోల్టాను అతడు దర్శించెను. అర్ధపెన్నీలతో దొంతి పేర్చిన రెండేండ్లకే, దొంతిని మొదట పేర్చినవానిని చూడగలిగెను.

1815లో తిరిగి వచ్చిన పిమ్మట అతడు చేసిన పనులలో మనకు సంబంధించినది ఒకటున్నది. అది మన పాఠ్యపుస్తకములలో కనబడదు. దక్షిణ భారతమునుండి ఇంగ్లండునకు పోయిన మేలుజాతి ఉక్కును అచ్చటివారు వూట్జ్ అనెడివారు. అది మన ఉక్కు అను మాటకు వచ్చిన అపభ్రంశమేనని పండితుల అభిప్రాయము. ఇట్టి ఉక్కునకు నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రము ప్రసిద్ధికెక్కిన చోటు. కమ్మరి కుమారుడైన ఫారడే 1819లో ఈ ఉక్కును విశ్లేషించి వ్యాసము ప్రకటించెను. కత్తులు చేయు జేమ్సు స్టోడార్టుతో కలిసి దానివంటి ఉక్కును చేయబూని, వెండి, ప్లాటినము, రోడియము మొదలగు లోహములను కలిపి చూచెను. వూట్జ్ మర్మమును గూర్చి అతడు చేసిన ఊహ సరికాదని తరువాత తేలినది. అయినను మిశ్రలోహపు ఉక్కులను క్రమపద్ధతిని పరిశోధించిన తొలివారిలో అతడొకడు.

1821లో సారా బర్నార్డు అను సద్గుణవతిని వివాహమాడెను. వారికి సంతానము కలుగలేదు. అదే సంవత్సరము విద్యుత్తు ప్రవహించు తీగ అయస్కాంతము చుట్టు తిరుగునట్లు చేసి చూపెను. నేటి మోటారులన్నిటికిని అది మూలము. కాని ఆ కీర్తితోపాటు అపనిందయు వచ్చెను. వోలాస్టన్ అను పెద్దవాని ఆలోచనను తీసికొనెనని కొందరు గొణిగిరి. 1824లో రాయల్ సొసైటీకి అతనిని ఎన్నుకొనునప్పుడు అధ్యక్షస్థానమందున్న డేవీయే అడ్డుపడెను. చేయిపట్టి పైకి తెచ్చినవాడే వద్దనుట! ఎన్నికలో ఒక్క ఓటు మాత్రము వ్యతిరేకముగా పడెనట. ఫారడే ఆ గురువును గూర్చి తరువాత ఎన్నడును పరుషముగా మాటలాడలేదు.

ఇక అసలు విషయమునకు వత్తును. ఈనాడు శాస్త్రజ్ఞులు వెదకుచున్న గట్టి ఎలక్ట్రొలైటులలో ముఖ్యమైన జాతికి పాలిమర్ ఎలక్ట్రొలైటులని పేరు. పాలిమరనగా చిన్న చిన్న అణువులు గొలుసువలె కలిసి ఏర్పడిన పెద్ద అణువు. రబ్బరు, ప్లాస్టిక్కు అట్టివే. చిత్రమేమనగా ఈ జంటపేరులోని రెండు భాగములును ఫారడే బల్లమీదనే ఉండెను. 1824లో వాయువులను నింపుటకై రబ్బరు రేకులను అంచులు నొక్కి అతికించి బుడగలు చేసెను. 1826లో రబ్బరును విశ్లేషించి, అందు కర్బనము, ఉదజని అను రెండే మూలకములు కలవనియు, నేటి లెక్కలోనికి మార్చినచో 5 కర్బన పరమాణువులకు 8 ఉదజని పరమాణువుల చొప్పున ఉన్నవనియు తేల్చెను. అది గొలుసని మాత్రము అతనికి తెలియదు. ఆ సంగతిని జర్మనీ దేశస్థుడైన స్టౌడింగరు 1920లో చెప్పెను.

1831 ఆగస్టు 29వ తేదీన ఫారడే అయస్కాంతము సహాయముతో విద్యుత్తును పుట్టించెను. ఇబ్రహీంపట్నము థర్మల్ కేంద్రమునందైనను, నాగార్జునసాగరునందైనను తిరుగు జనరేటర్లు ఆ దినముననే గర్భమున పడినవని చెప్పవచ్చును. దానిని గూర్చి బడిపిల్లలే బాగుగా చెప్పగలరు గనుక నేను విడిచెదను.

1833 జనవరిలో జరిగినది అంతగా తెలిసినది కాదు. నీటిగుండ విద్యుత్తును పంపుచుండగా నడుమ పలుచని మంచుపొర ఏర్పడెను. ప్రవాహము చప్పున ఆగిపోయెను. నీరు మోయు విద్యుత్తును, అదే నీరు గడ్డకట్టినంతనే మోయదేమి? మరియొకరైనచో మంచును కరిగించి పనిలో పడియుందురు. ఫారడే పనిని ఆపి మంచును పట్టుకొనెను. తరువాత సీసము, వెండి మొదలగువాని లవణములను తెచ్చి కరిగించి చూచెను. కరిగినప్పుడు విద్యుత్తు నడచెను, విడిపోవుటయు జరిగెను. గట్టిపడినంతనే రెండును ఆగెను. పదార్థములోని కణములు కదలగలిగిననే ఈ విధమైన విద్యుత్తు నడచుననియు, గడ్డకట్టినచో కణములు బంధింపబడుననియు అతనికి తోచెను.

నియమము దొరికినదని సంతోషించువాడు అంతటితో నిలిచిపోవును. ఫారడే ఆ నియమమును ధిక్కరించు పదార్థముకొరకు వెదకెను. ఫిబ్రవరిలో అది దొరికెను. అది సిల్వర్ సల్ఫైడు. పేరు క్రొత్తగా నున్నను వస్తువు మనకు పాతదే. మన ఇండ్లలో పిల్లల కాలిపట్టీలు, వెండి కుంకుమభరిణెలు పెట్టెలో నుండి నల్లబడునే, ఆ నలుపే సిల్వర్ సల్ఫైడు. ఆ నల్లని ముక్కను రెండు ప్లాటినపు రేకుల నడుమ ఉంచి విద్యుత్తును పంపెను. చల్లగా నున్నప్పుడు చాల కొద్దిగా నడచెను. క్రింద దీపము పెట్టి వేడిచేయగా, అది కరగకుండగనే, గట్టిగా నుండగనే, లోహమువలె విద్యుత్తు నడచెను. దీపము తీసివేయగా మరల తగ్గెను. లోహములు వేడియైనకొలది విద్యుత్తును తక్కువగా మోయును. ఇది దానికి విరుద్ధము. ఆ దశకముననే సీసపు ఫ్లోరైడు కూడ గట్టిగా నుండియే వేడియందు విద్యుత్తును మోయుటను గమనించెను. కారణము అతనికి తెలియలేదు. తెలియలేదు గనుక చూచినది చూచినట్లు వ్రాసి ఉంచెను.

నేటి విజ్ఞానము ప్రకారము వేడియైన సిల్వర్ సల్ఫైడులో ఎలక్ట్రానులతోపాటు వెండి అయానులును గట్టి చట్రము నడుమ కదలును. సీసపు ఫ్లోరైడులో ఫ్లోరిను అయానులు కదలును. గట్టి ఎలక్ట్రొలైటుల చరిత్రను వ్రాయువారు ఈ రెండింటితోనే ఆరంభించుదురు. సిల్వర్ సల్ఫైడును అర్ధవాహకముల చరిత్రకారులు కూడ తమదే యందురు. ఇరువురికిని తగవులేదు.

ఇట్లు చూచినవానిని చెప్పుటకు పాతమాటలు చాలలేదు. 1834లో ఫారడే, మిత్రుడైన డాక్టరు నికోల్, కేంబ్రిడ్జి పండితుడైన విలియమ్ హ్యూయెల్ అను ఇరువురి సహాయముతో గ్రీకు ధాతువులనుండి క్రొత్తమాటలు కల్పించెను. ఎలక్ట్రోడు, ఆనోడు, కాథోడు, ఎలక్ట్రొలైటు, అయాను అనునవి ఆనాటివే. అయాననగా పోవునది అని అర్థము. గ్రీకు రాని బడుగువాడు గ్రీకు పండితుని ఆశ్రయించుటకు సిగ్గుపడలేదు; పండితుడును శ్రమ అనుకొనలేదు.

ఆ రోజులలోనే తన పేరిట నిలిచిన నియమములను స్థాపించెను. ఎంత విద్యుత్తు పోయినదో దానికి సరిగా సరిపడు పదార్థమే విడివడునని వాని సారాంశము. దీనిని మన జేబులోని వస్తువుతో చూతము. ఏడు గ్రాముల లిథియము అయానులుగా కదిలినచో సుమారు 26.8 ఆంపియరు గంటల విద్యుత్తు వచ్చును. మన సెల్‌ఫోను బ్యాటరీపై 5000 మిల్లీ ఆంపియరు గంటలని వ్రాసియున్నచో, దానిని పూర్తిగా ఛార్జి చేసినప్పుడెల్ల ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు పోవు లిథియము ఒక గ్రామున్నర కూడ ఉండదు, 1.3 గ్రాములు మాత్రమే. 1834 నాటి లెక్కయే నేటికిని ఒక్క వెండ్రుకవాసి తప్పకుండ సరిపోవుచున్నది.

ఇచ్చట కథను కొంచెమాపి ఆ ఫలము నేడెట్లున్నదో చెప్పవలెను. పై నియమము వలన ఒక చిక్కు కూడ ఏర్పడుచున్నది. ఒక అయాను మోయు ఆవేశము ఇంతయని నిశ్చయమై యున్నది. దానిని పెంచుట ఎవరి తరము కాదు. కనుక అదే బరువుగల బ్యాటరీలో హెచ్చు శక్తి కావలెనన్నచో వోల్టేజిని పెంచవలెను. ప్రకాశం బ్యారేజి వద్ద కొద్ది ఎత్తునుండి పడు నీటికిని, నాగార్జునసాగరు వద్ద దిగు అదే నీటికిని శక్తిలో ఎంత భేదమున్నదో మనకు తెలియును. నీరు అదే, పడు ఎత్తు వేరు. వోల్టేజి ఆ ఎత్తు వంటిది. ఫారడే ఉప్పునీటి కాగితము ఈ పనికి చాలదు, 1.23 వోల్టులు దాటినచో నీరే విడిపోవుటకు సిద్ధపడును. లిథియము బ్యాటరీ నిండుగా నున్నప్పుడు 4.2 వోల్టుల వరకు ఉండును. అందుచేత నీటికి మారుగా కర్బన సంబంధమైన ద్రవములలో లిథియము లవణమును కలిపి వాడుచున్నారు. మన భయమునకు కారణము ఆ ద్రవమే. లోపల పొర చిరిగి రెండు ఎలక్ట్రోడులు తగిలినను, మితిమీరి వేడెక్కినను అది ఆవిరియై మండును.

1973లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున పీటర్ రైటు బృందమువారు, పాలీ ఇథిలీన్ ఆక్సైడు అను పాలిమరులో లవణములు కరిగి, ఆ గట్టి పదార్థమే విద్యుత్తును మోయుటను ప్రకటించిరి. దీనిని లిథియము బ్యాటరీలో వాడవచ్చునని ఫ్రాన్సు దేశస్థుడైన మిషెల్ ఆర్మాండు 1978లో సూచించెను. రబ్బరును విశ్లేషించిన 1826కును దీనికిని నూటయేబదియేండ్ల యెడము. ఆ పాలిమరు గొలుసులోని ఆక్సిజను పరమాణువులు లిథియము అయానును పట్టి, గొలుసు ఊగినప్పుడు ప్రక్కవానికి అందించును. నాట్లవేళ నారుకట్టలను చేతినుండి చేతికి అందించుకొనునట్లని తలచుడు. చలికి చేతులు కొంకర్లు పోయినచో నారు ముందుకు సాగదు. ఈ పాలిమరునకు 60 డిగ్రీల వేడి తగిలిననే గాని చేతులు సరిగా ఆడవు. 2011నుండి 2018 వరకు పారిసు నగరమున అద్దెకు తిరిగిన విద్యుత్ కారులలో ఇట్టి బ్యాటరీలే ఉండెను. వానిని వేడిగా ఉంచుట ఒక పనియై యుండెను. రెండవ చిక్కు వోల్టేజిది. నాలుగు వోల్టుల ప్రాంతమునకు వచ్చునప్పటికి ఆ పాలిమరే ధనధ్రువము వద్ద చెడిపోవుట మొదలిడును. ఎత్తునుండి నీరు దూకునప్పుడు మట్టికట్ట కోసుకుపోవునట్లు.

దీనికి మార్గము వెదకిన వారిలో నోబెల్ బహుమానము పొందిన జాన్ గుడెనఫ్ బృందము ఒకటి. 2019లో వారు రెండు పొరల పాలిమరును చేసి చూపిరి. లిథియము వైపున దానితో పొత్తుగా నుండు పాత పాలిమరు. హెచ్చు వోల్టేజిగల ధ్రువము వైపున ఆ తాకిడికి ఓర్చుకొను మరియొక పాలిమరు. ఒక్కటే అన్ని కష్టములు పడనక్కరలేదని భావము. మన హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖలోను 1990 దశకమునుండి పాలీ ఇథిలీన్ ఆక్సైడు పొరలపై పరిశోధనలు జరిగినవి. బజారులో లిథియం పాలిమర్ అని వ్రాసి అమ్ము బ్యాటరీలన్నియు ఈ జాతివని పాఠకులు భ్రమపడరాదు. వానిలో పెక్కింట ద్రవమును పీల్చుకొనిన మెత్తని జెల్లు మాత్రమే యుండును. కాబట్టి రాత్రివేళ పడకగదిలో ఛార్జింగు పెట్టకుండుటయే మేలు.

మరల ఫారడే వద్దకు వత్తము. 1830 ప్రాంతమున అతడు కర్మాగారములకు సలహాలిచ్చి ఏడాదికి వేయి పౌనుల వరకు ఆర్జించుచుండెను. పరిశోధనకు వేళ చాలుట లేదని ఆ పనిని క్రమముగా వదలుకొనెను. పైన చెప్పిన మంచుపొరయు, నల్లని వెండియు ఆ వదలుకొనిన వేళలో దొరికినవే. గృహస్థుడైన పాఠకుడు ఈ సంగతిని భార్యకు చదివి వినిపించుట క్షేమము కాకపోవచ్చును. సారా మాత్రము అభ్యంతరము చెప్పలేదు.

శ్రమయొక్క మూల్యము తరువాత తెలిసెను. 1839 మొదలుకొని తలతిరుగుడు, మతిమరుపు పీడించెను. కొన్నియేండ్లు పరిశోధన దాదాపు ఆగిపోయెను. తాను చేసిన ప్రయోగమును తానే మరచి మరల చేయబోయిన సందర్భములు కలవు. ప్రయోగశాలలో నిత్యము పీల్చిన పాదరసపు ఆవిరియే కారణమని కొందరి ఊహ. ఈ మతిమరుపునకు అతడు కనిపెట్టిన మందు అట్టలు కట్టువాని మందే. ప్రతిదినము చేసిన పనిని పేరా పేరాకు సంఖ్య వేసి వ్రాయుట, నిండిన కాగితములను కుట్టి అట్ట కట్టుట. ఆ సంఖ్యలు 16041 వరకు పోయినవి. మరచినప్పుడు సంఖ్యను చూచుకొని వెదకికొనెడివాడు. 1845లో కోలుకొని అయస్కాంతము కాంతిపై పనిచేయునని కనుగొనెను. అది ఆ సంపుటములలో ఆనాటి తేదీతో ఉన్నది.

పిల్లలకొరకు క్రిస్మస్ సెలవులలో అతడిచ్చిన ఉపన్యాసములకు రాకుమారులును వచ్చిరి. కొవ్వొత్తిని గూర్చి చెప్పినవి పుస్తకరూపమున లోకమంతట ప్రచారము పొందినవి. రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని ఇచ్చినను వలదనెను. మన కృష్ణపై విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తియైన 1855లో అతని పరిశోధనల మూడవ సంపుటము వెలువడెను. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టులో నివాసమునకు ఇల్లిచ్చెను.

1862 మార్చి 12వ తేదీన అతడు చివరి ప్రయోగము చేసెను. మండుచున్న జ్వాలలోని కాంతిరేఖలను అయస్కాంతము మార్చునేమోయని చూచెను. ఏ మార్పును కనబడలేదు. కనబడలేదని వ్రాసి ఉంచెను. 1896లో హాలండు దేశస్థుడైన జీమన్, మరింత సూక్ష్మమైన పరికరముతో అదే చేసి, మార్పును చూచి నోబెల్ బహుమానము పొందెను.

1867 ఆగస్టు 25వ తేదీన ఫారడే తన కుర్చీలో కూర్చుండియే కన్నుమూసెను. వెస్టుమినిస్టరు దేవాలయమున మహాపురుషుల నడుమ సమాధికి తగినవాడైనను, అతని మతశాఖ ఆడంబరమును అంగీకరింపదు గనుక హైగేటు శ్మశానమున పాతిపెట్టిరి. రాతిపై పేరును, పుట్టిన తేదీయు, గిట్టిన తేదీయు మాత్రమే చెక్కిరి. అతడు కుట్టి అట్ట కట్టిన దినచర్య సంపుటములు అతడు 25 షిల్లింగులకు కొలువు చేరిన ఆ భవనముననే నేటికిని భద్రముగా నున్నవి. వానిలో 1833 ఫిబ్రవరి పుటలయందు నల్లని వెండి ముక్కయు, దాని క్రింది దీపమును కనబడును. నేడు పాలిమరులపై పనిచేయువారు వెదకుచున్నది ఆ దీపము అక్కరలేని పదార్థమును.